ప్రయాణాల పంతులమ్మ: హైదరాబాద్ వెళ్లండి, ఊళ్లోకి మాత్రం వెళ్లకండి

(ఉమ్మడి నల్గొండ జిల్లాలో హైస్కూల్ లెక్కల టీచర్‌గా పనిచేసి రిటైరైన రచయిత్రి, ఏటా పిల్లల్ని విహారయాత్రలకు తీసుకెళ్లిన అనుభవంతో పాఠకుల సందేహాలకు ఇస్తున్న జవాబులు.)

ప్రశ్న: టీచర్ గారూ, మాది విజయవాడ. మావారి సెలవు ఎప్పుడూ రెండు రోజుల ముందు గానీ తేలదు. ఈ దసరాకీ అంతే. ఊటీ అనుకుని రిజర్వేషన్లు రద్దు చేసుకున్నాం. మహా అయితే మూడు రోజులు దొరకొచ్చు. బాబు ఇంటర్ ఫస్టియర్, పాప ఎనిమిదో తరగతి. ఇద్దరిదీ ఒకటే పాట, వండర్లా అమ్యూజ్‌మెంట్ పార్కు. మా అత్తగారికి డెబ్బై దాటాయి, ఆవిడకు రామోజీ ఫిల్మ్ సిటీ చూడాలని కోరిక. మావారేమో ఎలాగూ వెళ్తున్నాం కదా, చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్, బిర్లా మందిర్ అన్నీ చుట్టేద్దాం అంటున్నారు. కారు ఉంది. అప్పటికప్పుడు బయలుదేరితే కుదురుతుందా? ఇంకో బాధ, పిల్లలు మాతో కలిసి నడవడానికే సిగ్గుపడుతున్నారు. ఫొటోకి నిలబడమంటే మొహం తిప్పేసుకుంటారు. అంత ఖర్చుపెట్టి తీసుకెళ్లి ముడుచుకున్న మొహాలు చూడాలంటే టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కుదురుతుందమ్మా, హాయిగా కుదురుతుంది. మీవారి జాబితా చింపేస్తే.

మ్యాప్ ఒకసారి తెరిచి చూడండి. మీరు విజయవాడ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద వస్తారు. చౌటుప్పల్ దాటాక, ఇంకా నగరం రాకముందే, దారి పక్కనే రామోజీ ఫిల్మ్ సిటీ. ఇంకాస్త ముందుకొస్తే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు తగులుతుంది. అది 11వ ఎగ్జిట్. అక్కడ ఔటర్ ఎక్కి దక్షిణానికి తిరిగితే 13వ ఎగ్జిట్ రావిర్యాల. దిగితే కొంగర కలాన్ వైపు వండర్లా. అంటే మీ పిల్లలు అడిగిందీ, మీ అత్తగారు అడిగిందీ రెండూ నగరానికి ఇవతలే, మీరు వచ్చే దిక్కులోనే ఉన్నాయి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో కాలు పెట్టకుండా రెండూ చూసి ఇంటికి వెళ్లిపోవచ్చు. చార్మినార్, గోల్కొండ ఇరికించారో, ఆ రోజంతా కారులోనే గడిచిపోతుంది. పదహారేళ్ల కుర్రాణ్ణి వెనక సీట్లో నాయనమ్మకీ చెల్లెలికీ మధ్య కూర్చోబెట్టి నాలుగు గంటలు సిగ్నళ్లలో తిప్పితే వాడి మొహం ముడుచుకోక ఏమవుతుంది చెప్పండి?

దసరా అనగానే రోడ్డు గురించి భయపడకండి. రద్దీ నిజమే, కానీ ఎక్కువ భాగం మీకు ఎదురుగా వస్తుంది. సెలవులు ఇవ్వగానే హైదరాబాద్ జనం ఆంధ్ర వైపు కదులుతారు, పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు వాళ్లవే. పండగయ్యాక వాళ్లు తిరిగొచ్చేటప్పుడు మీరు విజయవాడ వైపు పోతుంటారు. పైగా నవరాత్రుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, ఇంద్రకీలాద్రి కింద ట్రాఫిక్ మళ్లింపులు మీకు తెలియనివి కావు. అమ్మవారికి ముందే దణ్ణం పెట్టేసుకుని ఆ రోజుల్లో ఊళ్లో లేకుండా ఉండటమే సుఖం. (మా విజయవాడ వియ్యంకులు అదే పని చేస్తారు, నేరుగా మా ఇంటికే వస్తారు. అది వేరే కథ.)

మొదటి రోజు తెల్లవారకముందే బయలుదేరండి. ఫిల్మ్ సిటీకి మీ ఊరి నుంచి సుమారు 240 కిలోమీటర్లు. సూర్యాపేటలో టిఫిన్ చేసినా మంచి వేళకే చేరతారు. 1996లో మొదలైన ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాల్లో ఉంది, ప్రపంచంలోకెల్లా అతి పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డు దానిది. అంత స్థలంలో ముసలావిడని నడిపిస్తామా అని కంగారు పడొద్దు. లోపల బస్సుల్లో తిప్పుతారు, షోలు కూర్చుని చూసేవే. అయినా ఎక్కడం, దిగడం, నిలబడటం ఉంటుంది కాబట్టి మోకాళ్లకు పట్టీ, మధ్యాహ్నం వేసుకునే మాత్రలు ఆవిడ చేతిసంచీలోనే ఉండాలి, కారు డిక్కీలో కాదు. పిల్లలకు ఇక్కడ బాహుబలి సెట్లు తప్ప మిగతావి బోరు కొట్టొచ్చు. కొట్టనివ్వండి. ఈ రోజు నాయనమ్మది, రేపు మీది అని బయలుదేరేముందే చెప్పేయండి. ఆ వయసు పిల్లలు న్యాయం దగ్గర చాలా ఖచ్చితంగా ఉంటారు. లెక్క ముందే చెబితే ఒప్పుకుంటారు, ఆనక చెబితే మోసం అంటారు.

రాత్రి బసకు హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్ చూడండి. మీ విజయవాడ వాళ్లకు అక్కడ చుట్టాలు లేకపోవడం అసాధ్యం. ఉంటే మీ అత్తగారిని రెండో రోజు వాళ్లింట్లో ఉంచండి, వండర్లాలో పొద్దుటి నుంచీ బెంచీ మీద కూర్చోబెట్టి ఆవిడని శిక్షించొద్దు. మీరు మాత్రం లాడ్జిలోనే దిగండి. చుట్టాలింట్లో దిగితే ‘ఒక్క పూట భోంచేసి వెళ్లండి’ అంటారు, ఆ ఒక్క పూటతో పార్కు సగం రోజు పోతుంది. రాత్రి భోజనానికి వస్తామని చెప్పండి, మర్యాదకు మర్యాద.

ఇక అసలు రోజు. హైదరాబాద్ వండర్లా 2016లో తెరిచారు. టికెట్లు వాళ్ల వెబ్‌సైట్‌లో తేదీ ఎంచుకుని కొనుక్కోవచ్చు. ఆ పని మీరు చేయకండి, మీ బాబుకి అప్పగించండి. టికెట్ ధర, ఆఫర్లు, ఏ రైడ్‌కి ఎంత ఎత్తు ఉండాలి, ఏ రైడ్ ముందు ఎక్కాలి, అన్నీ వాడే చూసి మీకు ఒక కాగితం మీద రాసివ్వాలి. డబ్బు ఇంత, దాటకూడదు అని అంకె మాత్రం మీరు చెప్పండి. స్కూల్ విహారయాత్రల్లో తొమ్మిదో తరగతి పిల్లల చేతికే బస్సు లెక్కలు ఇచ్చేదాన్ని. అందరికంటే అల్లరి పిల్లాడే ఆ రోజంతా తలలు లెక్కబెడుతూ తిరిగేవాడు. మీ పాపకి బట్టల బాధ్యత ఇవ్వండి. నీళ్లలోకి కాటన్ బట్టలతో దిగనివ్వరు, నైలాన్ లేదా లైక్రావి ఉండాలి. ఈ సంగతి తెలియక అక్కడికక్కడ కొనేవాళ్లు ప్రతిసారీ కనబడతారు. మీ ఊళ్లోనే బీసెంట్ రోడ్డులో బయలుదేరే ముందు రోజు సాయంత్రం కొంటే పాపకి నచ్చినవి, ఒళ్లంతా కప్పేవి, చక్కగా సరిపోయేవి దొరుకుతాయి. పదమూడేళ్ల పిల్లకి ఇది చిన్న విషయం కాదు. బట్ట సరిగా లేకపోతే రోజంతా చున్నీ చుట్టుకుని ఒడ్డునే కూర్చుంటుంది, ఎందుకు దిగవే అని మీరు కసురుతారు. అలాగే నెలసరి రోజుల సంగతి బయలుదేరేముందే మెల్లగా, వాళ్ల నాన్న, అన్న వినకుండా అడగండి. ఆ రోజులైతే నీటి రైడ్లు పక్కన పెట్టి పొడి రైడ్లు ఎక్కించండి, ఇష్టం లేకపోతే బలవంతం వద్దు.

పెద్ద రైడ్లకు సాధారణంగా 140 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు. పాపని ఇంట్లోనే గోడకు నిలబెట్టి పెన్సిల్ గీత పెట్టి కొలవండి. గంటసేపు వరసలో నిలబడి, కొలబద్ద దగ్గర వెనక్కి పంపేస్తే, అన్న మాత్రం లోపలికి పోతే, ఆ ఏడుపు ఆపడం మీవల్ల కాదు.

గేటు తెరిచే వేళకే అక్కడ ఉండండి. ముందు పొడి రైడ్లు, ఆ తర్వాత భోజనం, ఎండెక్కాక నీళ్లు. పొద్దున్నే తడిస్తే తడి బట్టలతో రోలర్ కోస్టర్ల దగ్గర తిరగలేరు. బయటి తిండి లోపలికి రానివ్వరు, కాబట్టి పులిహోర కట్టుకుని వెళ్లి గేటు దగ్గర సెక్యూరిటీతో వాదించకండి. కారులో పెట్టుకోండి, సాయంత్రం బయటికి రాగానే చూడండి దాని విలువ. అక్టోబరు కదా, ఉరుములు మొదలైతే ఎత్తు రైడ్లు ఆపేస్తారు. మబ్బు పట్టిందంటే భోజనం వాయిదా వేసి పెద్ద రైడ్ ఏదైనా ముందు ఎక్కించేయండి.

ఇప్పుడు మీ ముడుచుకున్న మొహాల సంగతి. లోపలికి వెళ్లాక పిల్లల్ని వదిలేయండి. అన్నాచెల్లెళ్లు విడిపోకూడదు, అదొక్కటే షరతు. ఫోన్లు లాకర్లో ఉంటాయి, నీళ్ల దగ్గరికి తీసుకెళ్లలేరు. అందుకే ఫోన్ చేస్తాలే అనుకోవద్దు. ఒంటిగంటకు ఫలానా క్యాంటీన్ ముందు, నాలుగున్నరకు లాకర్ల దగ్గర అని చోటూ వేళా లోపలికి వెళ్లిన మొదటి పది నిమిషాల్లోనే అందరూ కలిసి వెళ్లి చూసి ఖాయం చేసుకోండి. చేతికి నీళ్లలో తడిసినా ఆగని గడియారం ఒకటి పెట్టండి. మీరూ మీవారూ ఈలోగా అలల కొలనులో దిగండి. అమ్మానాన్న నీళ్లలో గెంతుతుంటే పిల్లలు దూరం నుంచి చూసి, కాసేపటికి వాళ్లే వచ్చి ఎక్కడి నుంచి తోయాలా అని చూస్తారు. ఫొటో అప్పుడు తీయించండి, అడక్కుండా.

మూడో రోజు పిల్లల్ని పదింటి దాకా లేపొద్దు. మీవారు వాళ్లమ్మగారితో ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగి, ఆటోలో బిర్లా మందిర్ చూసి రావచ్చు. పైన మెట్లున్నాయి, తొందర పెట్టొద్దనండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆయన పట్టుబడితే ఆ మాట మీరే చెప్పండి, శుక్రవారం కాకపోయినా సరే.

ప్రశ్న: మేడమ్, నేను టెన్త్. హనుమకొండ నుంచి మా బాబాయి వాళ్లందరితో కలిసి పార్కుకి వెళ్తున్నాం. నాకు రోలర్ కోస్టర్లంటే చచ్చేంత భయం. మా కజిన్స్ వీడియో తీసి గ్రూప్‌లో పెడతారు. కడుపునొప్పి అని ఇంట్లోనే ఉండిపోనా?
— పేరు వద్దు

జవాబు: కడుపునొప్పి వద్దు బాబూ. అన్నావంటే మీ నానమ్మ వాము నమిలిస్తుంది, పిన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంది.

నీకు భయం వేసేది ఏం జరుగుతుందో తెలియక. అందుకే చెబుతాను విను. వండర్లాలో ‘రీకాయిల్’ అని ఉంది. బండి ముందుకు కాదు, మొదట వెనక్కి, ఒక నిటారు వాలు మీదకి మెల్లగా లాగబడుతుంది. నీ మొహం నేల వైపు ఉంటుంది. అక్కడ టక్‌మని వదిలేస్తుంది. ఎక్కిన చోటు మీదుగానే దూసుకుపోయి మూడుసార్లు తలకిందులవుతుంది, ఎదుటి వాలు ఎక్కి, మళ్లీ అదే దారిలో వెనక్కి. మొత్తం ఆరుసార్లు తలకిందులు, రెండు నిమిషాల లోపే అయిపోతుంది. మెల్లగా లాగే ఆ మొదటి కాసేపే అన్నిటికంటే కష్టం, తర్వాత భయపడే టైమే ఉండదు.

టెన్త్ అంటున్నావు కాబట్టి ఒక లెక్క సంగతి. ఆ లూప్, అంటే బండిని తలకిందులు చేసే చుట్టు, గుండ్రంగా ఉండదు, చూడు. నీటిబొట్టులా పైన ఇరుకు, కింద వెడల్పు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని కోనీ ఐలాండ్‌లో పూర్తి వృత్తంగా కట్టారు, కింది నుంచి పైకి తిరిగేటప్పుడు ఒంటి మీద పడే బరువుకి జనం మెడలు పట్టేసేవి. 1976లో కాలిఫోర్నియాలో నీటిబొట్టు ఆకారం పెట్టాక లూపులు నిలబడ్డాయి. కింద వ్యాసార్థం ఎక్కువ కాబట్టి ఒంటి మీద భారం తగ్గుతుంది, పైన తక్కువ కాబట్టి అంత వేగం లేకపోయినా సీటుకి అతుక్కునే ఉంటావు. మీ కజిన్స్‌కి ఇది చెప్పు, వీడియో తీయడం ఆపి వింటారు, లేదా పారిపోతారు. రెండూ మంచివే.

ఎక్కదలిస్తే మధ్య వరసలో కూర్చో, తల వెనక దిండుకి ఆనించు, కళ్లు తెరిచే ఉంచు. మూస్తేనే తిప్పుతుంది. ఖాళీ కడుపుతో వద్దు, బిర్యానీ తిన్న వెంటనే అసలు వద్దు. నిజానికి ఎక్కువగా వాంతులు చేయించేది గిరగిరా తిప్పే రైడ్లు, కోస్టర్లు అంతగా కాదు. ఎక్కడం ఇష్టం లేకపోతే వరసలో నిలబడకముందే ‘నేను ఎక్కను’ అని మామూలు గొంతుతో చెప్పు, కారణం చెప్పకు. అయితే అందరి సంచులూ నీ ఒళ్లో పెట్టించుకోకు. లాకర్లున్నాయి.

ప్రశ్న: పండగ సెలవుల్లో వండర్లాకి ఫాస్ట్‌ట్రాక్ టికెట్ (పెద్ద వరసలో నిలబడకుండా ముందే ఎక్కనిచ్చేది) కొనడం దండగా?
— ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మామూలు పనిరోజైతే దండగే. పండగ సెలవుల్లో, అదీ ఆదివారం, టీనేజీ పిల్లలతో అయితే కొనండి. పిల్లలకు మాత్రం చాలు. పెద్దవాళ్లకు వరసలో నిలబడి ఎక్కేంత ఆత్రం ఉండదు, అంత డబ్బు పోసి నీడలో కూర్చోవడం ఎందుకు? కొనేముందు ఏయే రైడ్లకు వర్తిస్తుందో చదువుకోండి. కాలేజీ, స్కూల్ ఐడీ కార్డులు కూడా వెంట ఉంచండి, విద్యార్థులకు రాయితీలు పెట్టే రోజులుంటాయి.