గోల్ఫ్ డ్రైవర్ బరువు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గోల్ఫ్‌లో బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ డ్రైవర్. అందులో 40 గ్రాముల షాఫ్ట్ (కర్ర) ఉన్నది కొంటే దూరం పెరుగుతుందా అని అడిగావు. షాపులో నాలుగు బంతులు కొట్టావు, స్క్రీన్ మీద వేగం రెండు మైళ్లు ఎక్కువ కనిపించింది, మనసు అటు లాగుతోంది. డబ్బు కట్టేముందు ఓ వారం ఆగి, నీ పాత డ్రైవర్‌తోనే నేను చెప్పే పని చెయ్యి.

ముందు లెక్క చూద్దాం. నీ స్వింగ్ వేగం, అంటే క్లబ్‌ను ఊపే వేగం, గంటకు 95 మైళ్లు అన్నావు. బంతి ఫేస్ (క్లబ్ హెడ్‌లో బంతికి తగిలే ముఖం) నడిమధ్యన తగిలితే దాని వేగం అందుకు 1.48 రెట్లు ఉంటుంది, అంటే సుమారు 140 మైళ్లు. అదే బంతి హీల్ (హెడ్‌లో షాఫ్ట్ కలిసే కొస) వైపు జరిగి తగిలితే ఆ 1.48 కాస్తా 1.40కి దిగిపోవచ్చు. అప్పుడు మిగిలేది 133 మైళ్లే. ఆ ఏడు మైళ్లకు పన్నెండు, పదిహేను గజాలు పోతాయి. తేలిక షాఫ్ట్ వల్ల స్వింగ్‌లో చాలామందికి వచ్చేది ఒక మైలు, మహా అయితే రెండు. 97 మైళ్లతో ఊపి హీల్ మీద కొట్టావనుకో, బంతి 136 దగ్గరే ఆగుతుంది. 95తో మధ్యలో కొట్టినవాడు నిన్ను దాటేస్తాడు. అందుకే ఏ బరువుతో బంతి ఎక్కువసార్లు మధ్యలో తగులుతుందో అదే నీ బరువు అంటాను.

హెడ్ బరువు పెంచితే బంతిని గట్టిగా గుద్దుతుంది కదా అని కూడా అనిపిస్తుంది. నియమం ప్రకారం బంతి 45.93 గ్రాములు దాటకూడదు, డ్రైవర్ హెడ్ సాధారణంగా 195 నుంచి 205 గ్రాములు ఉంటుంది. హెడ్‌ను 200 నుంచి 210కి పెంచితే, అదే స్వింగ్ వేగం మీద బంతి వేగం ఒక శాతం కూడా పెరగదు. ఆ పది గ్రాములు తిప్పడానికి చేతులు దాదాపు అంతే వేగాన్ని వదులుకుంటాయి. అటు లాభం ఇటు నష్టంలో కలిసిపోతుంది. బరువు అసలు పనిచేసేది నీ టెంపో (ఊపులోని లయ) మీద, ఫేస్ ఏ కోణంలో వచ్చి తగులుతుందన్న దాని మీద.

ఇక్కడ రెండు బరువులున్నాయి, వాటిని కలపకు. ఒకటి మొత్తం బరువు: హెడ్, షాఫ్ట్, గ్రిప్ (చేత్తో పట్టుకునే తొడుగు) అన్నీ కలిపి తూకం మీద కనిపించేది. రెండోది స్వింగ్‌వెయిట్, అంటే ఊపేటప్పుడు హెడ్ వైపు ఎంత బరువు తెలుస్తుందో చెప్పే కొలత. 1920ల్లో బోస్టన్‌కు చెందిన రాబర్ట్ ఆడమ్స్ కనిపెట్టిన త్రాసు పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. అందులో ఆనిక, అంటే క్లబ్ ఆని ఊగే చోటు, గ్రిప్ చివర నుంచి 14 అంగుళాల దగ్గర ఉంటుంది. ఈ కొలతను అక్షరం, అంకెతో చెబుతారు, అవి పెరిగేకొద్దీ హెడ్ వైపు బరువు ఎక్కువ. మగవాళ్ల డ్రైవర్లు ఎక్కువగా డి2, డి3, డి4 మధ్య వస్తాయి, ఆడవాళ్లవి సి వరుసలో ఉంటాయి.

దీనికి షాపుకు వెళ్లక్కర్లేదు. వంటింట్లో గ్రాములు చూపే డిజిటల్ తూకం మీద డ్రైవర్‌ను తూచు. తర్వాత షాఫ్ట్‌ను స్కేలు అంచు మీద అడ్డంగా పెట్టి, ఎటూ ఒరగకుండా నిలిచే చోట పెన్సిల్ గీత పెట్టు. గ్రిప్ చివర నుంచి ఆ గీత వరకూ అంగుళాల్లో కొలిచి, అందులోంచి 14 తీసెయ్యి. మిగిలినదాన్ని గ్రాములతో గుణించు. 6050 వస్తే డి0. ఆపైన ప్రతి 50కి ఒక పాయింటు. ఉదాహరణకు మొత్తం 310 గ్రాములు, గీత 34 అంగుళాల దగ్గర ఉంటే, 20ని 310తో గుణిస్తే 6200, అంటే డి3. కొలతలో పదో వంతు అంగుళం తప్పినా అర పాయింటుకు పైగా తేడా పడుతుంది కాబట్టి రెండుసార్లు కొలువు.

ఇప్పుడు ఏది ఎంత కదుపుతుందో గుర్తుపెట్టుకో. హెడ్ మీద 2 గ్రాములు పెడితే ఒక పాయింటు పెరుగుతుంది. షాఫ్ట్‌లో తొమ్మిది, పది గ్రాములు మారితే ఒక పాయింటు. పొడవు అరంగుళం మారితే మూడు పాయింట్లు. గ్రిప్ 5 గ్రాములు బరువెక్కితే ఒక పాయింటు తగ్గుతుంది. ఈ చివరిది చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది: లావు గ్రిప్ వేయించుకోగానే స్వింగ్‌వెయిట్ డి3 నుంచి డి1కి వస్తుంది, క్లబ్ తేలికైందనుకుంటారు. మోసేది మాత్రం 10 గ్రాములు ఎక్కువే.

క్లబ్ నీకు మరీ తేలికైతే పైనుంచి కిందికి తొందరపడతావు. భుజాలూ చేతులూ ముందే కదిలిపోతాయి, హెడ్ ఎక్కడుందో చేతికి తెలియదు. బంతి ఒకసారి ఎడమకు లాగినట్టు, ఒకసారి కుడికి వంపు తిరుగుతూ, అంటే స్లైస్ అయి పోతుంది. రెండు వైపులా తప్పుతుంటే ముందు తేలికదనాన్నే అనుమానించు. మరీ బరువైతే తప్పు ఒకే వైపు వస్తుంది: ఫేస్ మూసుకోవడం ఆలస్యమై బంతి కుడికి నెట్టినట్టు పోతుంది, ఫేస్ కింది అంచున తగులుతుంది, పద్దెనిమిది హోల్స్ ఆటలో పద్నాలుగో హోల్ వచ్చేసరికి ఇవి ఎక్కువవుతాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండలో ఆడేవాడికి ఈ అలసట ఇంకా ముందే మొదలవుతుంది. ఉదయం ఆరింటికి రేంజ్‌లో (సాధన చేసే మైదానంలో) బాగున్న బరువు పదింటికి బాగుండకపోవచ్చు. అందుకే పరీక్ష ఒకపూటతో ముగించకు. ఇవన్నీ కుడిచేతి ఆటగాడి లెక్కలు, ఎడమచేతివాళ్లకు దిక్కు మార్చి చదువుకోవాలి.

పరీక్ష ఇలా చెయ్యి. అర అంగుళం వెడల్పున్న లెడ్ (సీసం) టేపు కొనుక్కో. సాధారణంగా నాలుగు అంగుళాల ముక్క 2 గ్రాములు ఉంటుంది, కానీ మందం మారుతుంది కాబట్టి నాలుగు ముక్కలు కలిపి తూచి భాగించుకో. హెడ్ అడుగున, వెనక వైపు, నూనె, మట్టి తుడిచి అంటించు. ఫేస్ మీద ఎప్పుడూ వద్దు. బంతి మీద వైట్‌బోర్డు మార్కర్‌తో పెద్ద చుక్క పెట్టి ఆ చుక్క ఫేస్‌కు తగిలేలా టీ (బంతిని నిలిపే చిన్న మేకు) మీద ఉంచు. కొట్టాక ఫేస్ మీద గుర్తు పడుతుంది. ఫొటో తీసి తుడిచెయ్యి. ఒంటిని వేడి చేసుకున్నాక టేపు లేకుండా ఐదు, టేపుతో ఐదు, మళ్లీ లేకుండా ఐదు, ఇలా మార్చి మార్చి ముప్పై బంతులు కొట్టు. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి టేపుతోనే కొడితే అలసట కూడా బరువు ఖాతాలోకి పోతుంది. బాగా పడనివాటిని పక్కన పెట్టకు, అవే అసలు విషయం చెబుతాయి. రేంజ్ బంతులు అరిగిపోయి ఉంటాయి కాబట్టి దూరం చూడకు, గుర్తులు ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో చూడు. 2 గ్రాములతో మొదలుపెట్టి 4, 6 వరకూ వెళ్లు. గుర్తులు చెదరడం మొదలైన బరువు నుంచి ఒక మెట్టు వెనక్కి రా. ఇంకో రోజు మళ్లీ చూడు.

టేపు సీసం, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కో, పిల్లలకు అందనివ్వకు. ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే జిగురు కరిగి టేపు జారుతుంది. పోటీ ఆడేటప్పుడు టేపు ముందే అంటించి ఉండాలి, రౌండ్ మధ్యలో అంటించడం, తీయడం నియమానికి విరుద్ధం. హెడ్‌లో మార్చుకునే మర బరువులున్నా అంతే. ఆ మరలను క్లబ్‌తో ఇచ్చిన రెంచ్‌తో టక్కుమనేదాకా బిగించు. బరువు హీల్ వైపు పెడితే ఫేస్ మూసుకోవడానికి కొంచెం సాయపడుతుంది, వెనక పెడితే బంతి కాస్త ఎత్తుగా లేస్తుంది. కానీ నీ స్లైస్ ఫేస్ తెరుచుకుని రావడం వల్లే అయితే 2 గ్రాముల టేపు దాన్ని నయం చేయదు. అది కోచ్ చూడాల్సిన పని.

షాఫ్ట్ విషయానికొస్తే, 85 మైళ్లలోపు వేగానికి 40 నుంచి 50 గ్రాములు, 85 నుంచి 100 మధ్య 50 నుంచి 60, ఆపైన 60 నుంచి 70 అని మొదలుపెట్టవచ్చు. నీ వేగానికి 55 దగ్గర సరిపోతుంది. కానీ నువ్వు పైనుంచి వేగంగా దింపే మనిషివి, అందుకని 60 కూడా తీసుకుని చూడు. షాఫ్ట్ మీద రాసిన ఆర్ (మామూలు), ఎస్ (గట్టి) అక్షరాల అర్థం కంపెనీని బట్టి మారుతుంది. తేలిక షాఫ్ట్‌లు ఎక్కువగా మెత్తగా, ఎక్కువ మెలి తిరిగేలా ఉంటాయి. షాపులో నీకు నచ్చింది బరువా, మెత్తదనమా తేల్చుకోకుండా కొనకు.

పొడవు మాత్రం బరువుకన్నా ఎక్కువ పని చేస్తుంది. ఇప్పుడు అమ్మే డ్రైవర్లు 45 నుంచి 46 అంగుళాలు. టైగర్ వుడ్స్ 43.5 అంగుళాల స్టీల్ షాఫ్ట్ డ్రైవర్‌తో ఆడి గెలిచిన రోజులున్నాయి. పొడవు తగ్గించాలని షాఫ్ట్ కోయించే ముందు గ్రిప్‌ను ఒక అంగుళం కింద పట్టుకుని ముప్పై బంతులు కొట్టు. గుర్తులు మధ్యలోకి చేరితే అప్పుడు అరంగుళం కోయించు. కోయాల్సింది గ్రిప్ వైపే. మూడు పాయింట్లు పడిపోతాయి, హెడ్ మీద 6 గ్రాములు పెట్టి తిరిగి తెచ్చుకో. పొడవు పెంచాలన్న ఆలోచన ఉంటే వదిలెయ్. నియమాల్లో 48 అంగుళాల వరకూ వీలుంది, 2022 జనవరి నుంచి పెద్ద పోటీల కమిటీలు 46కి పరిమితం చేసుకునే వీలూ ఉంది. నీ చేతికి మాత్రం 45 చాలు.

అరిగిన గ్రిప్ ఉంటే ఈ పరీక్షలన్నిటికన్నా ముందు దాన్ని మార్చు. జారుతుందని గట్టిగా పిసికితే మణికట్టు బిగుసుకుని వేగం పోతుంది.

ఇంకొక్క మాట, పాప కోసం నీ పాత డ్రైవర్ కోయిస్తానన్నావు. ఆ పని చేయకు. 38 అంగుళాలకు కోసినా హెడ్ 200 గ్రాములే ఉంటుంది, షాఫ్ట్ కర్రలా బిగుసుకుపోతుంది. పిల్ల దాన్ని ఎత్తడానికి ఒళ్లంతా వెనక్కి వాల్చుతుంది. ఆ అలవాటు పడితే మాన్పించడం కష్టం. పిల్లల కోసం చేసిన తేలిక హెడ్ ఉన్న క్లబ్ వాడినదైనా సరే చూసి తెచ్చిపెట్టు. ఏడాదికోసారి ఎత్తు కొలిచి మార్చు.

ముప్పై బంతుల ఫొటోలు పంపు, చూసి షాఫ్ట్ సంగతి రాస్తాను.

మీ మామయ్య