మన డీఎన్ఏలోని పాత వైరస్‌ల అవశేషాలు జబ్బులకు కారణమవుతాయా?

మీ ప్రశ్నలో మూడు సందేహాలు కలిసి ఉన్నాయి. మనిషి డీఎన్ఏలో ఎనిమిది శాతం వైరస్‌ల నుంచి వచ్చిందన్న మాట నిజమా అన్నది మొదటిది. మీ అక్కగారికి మల్టిపుల్ స్క్లెరోసిస్ (రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నాడుల పొరను దెబ్బతీసే జబ్బు) ఉన్నట్టు ఈ మధ్యనే నిర్ధారణ అయింది కనుక, నిద్రపోతున్న వైరస్ మేల్కొనడం వల్లే ఆ జబ్బు వస్తుందని మీరు చదివిన మాటను ఎంతవరకు నమ్మాలన్నది రెండోది. ఆ వైరస్ జాడ పట్టే పరీక్షను ఇంటిల్లిపాదీ చేయించుకోవాలా అన్నది మూడోది. నేను వైద్యుణ్ని కాను. జీనోమ్ సీక్వెన్సింగ్‌లో, అంటే ఒక జీవి మొత్తం డీఎన్ఏను అక్షరం అక్షరంగా చదివే పనిలో, వచ్చే సమాచారాన్ని విశ్లేషించడం నా ఉద్యోగం. అందులోనూ ఈ పాత వైరస్ భాగాలు ఏ కణజాలంలో ఎంత చురుగ్గా ఉన్నాయో లెక్కగట్టే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. ఆ అనుభవంతో ఒక సంగతి ముందే చెప్పాలి: ‘పాత వైరస్ చురుకైంది’ అన్న వాక్యానికి, ఏ కాపీ, ఏ కణంలో, జబ్బుకు ముందా తరువాతా అన్న మూడు వివరాలు తోడైతే తప్ప వైద్యపరంగా పెద్ద అర్థం ఉండదు.

ఎనిమిది శాతం అన్న లెక్క నిజమే. 2001లో మానవ జీనోమ్ తొలి ముసాయిదా వెలువడినప్పుడే ఈ సంగతి తేటతెల్లమైంది. ప్రోటీన్ల తయారీకి నేరుగా పనికొచ్చే భాగం మన జీనోమ్‌లో రెండు శాతం లోపేనని గుర్తుంచుకుంటే ఆ ఎనిమిది శాతం ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఇదంతా ముఖ్యంగా రెట్రోవైరస్‌లనే ఒక తెగ వదిలి వెళ్లిన ఆస్తి. హెచ్ఐవీ కూడా ఆ తెగకు చెందినదే. వీటి జన్యు సమాచారం ఆర్ఎన్ఏ రూపంలో ఉంటుంది. కణంలోకి చేరాక రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైము ఆ ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మారుస్తుంది, ఇంటిగ్రేజ్ అనే మరో ఎంజైము ఆ డీఎన్ఏను మన క్రోమోజోమ్‌ను తెంచి మధ్యలో అతికిస్తుంది. మొదటి ఎంజైమును 1970లో హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా కనుగొన్నారు, 1975లో నోబెల్ బహుమతి పొందినవారిలో వారిద్దరూ ఉన్నారు. ఈ అతుకు రక్తకణంలోనో చర్మకణంలోనో పడితే ఆ జీవితోనే అంతరించిపోతుంది. అలాకాక అండంగానో శుక్రకణంగానో మారబోయే కణంలో పడితే, దాని నుంచి పుట్టిన బిడ్డ శరీరంలోని ప్రతి కణంలోనూ అది ఉంటుంది, అక్కడి నుంచి మామూలు జన్యువులాగే తరాల వెంట దిగివస్తుంది.

కంప్యూటర్ తెర మీద ఇలాంటి ఒక కాపీని అక్షరం అక్షరంగా చూడటం నాకు ఇప్పటికీ ఉత్కంఠ కలిగించే పని. మనలోని వాటిలో అన్నిటికన్నా చిన్న వయసున్న హెర్వ్-కె కుటుంబంలో (హెర్వ్ అంటే మనిషి డీఎన్ఏలో స్థిరపడిన పాత రెట్రోవైరస్) పూర్తి కాపీ ఒకటి దాదాపు 9,500 డీఎన్ఏ అక్షరాల పొడవుంటుంది. మధ్యలో గ్యాగ్, పోల్, ఎన్వ్ (వైరస్ పైపొర ప్రోటీన్‌ది) అనే వైరస్ జన్యువులు వరుసగా ఉంటాయి. రెండు చివరలా ఎల్‌టీఆర్ అనే భాగం, దాదాపు 970 అక్షరాలది, ఒకటే రెండుసార్లు కనిపిస్తుంది. ఆ ఎల్‌టీఆర్‌లను దాటి ఇంకొంచెం బయటికి జరిగితే, అటూ ఇటూ ఐదారు అక్షరాల ముక్క ఒకేలా రెండుసార్లు ఉంటుంది. ఆ ముక్క మన సొంత డీఎన్ఏదే. ఇంటిగ్రేజ్ రెండు పోగులనూ కాస్త ఎడంగా తెంచడం వల్ల, ఆ ఖాళీని కణం పూడ్చుకున్నప్పుడు అది రెట్టింపయింది. అంటే లక్షల ఏళ్ల కిందట జరిగిన ఒక అంటువ్యాధి తాలూకు కోత గుర్తు అది. అతుక్కున్న రోజున రెండు ఎల్‌టీఆర్‌లూ అచ్చంగా ఒకటే కనుక, ఈనాడు వాటి మధ్య ఎన్ని అక్షరాలు తేడాగా ఉన్నాయో లెక్కిస్తే ఆ కాపీ వయసును అంచనా వేయవచ్చు. అదే స్థానంలో, అదే ముక్క రెట్టింపైన గుర్తుతో సహా చింపాంజీ జీనోమ్‌లోనూ ఆ కాపీ కనిపిస్తే, మనకూ దానికీ ఉమ్మడి పూర్వీకులైన జీవుల్లోనే ఆ సంఘటన జరిగిందన్నమాట. ఉమ్మడి వంశానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం నా పనిలో నాకు మరొకటి తారసపడలేదు.

అయితే ఇలా పూర్తిగా మిగిలినవి బహు తక్కువ. రెండు ఎల్‌టీఆర్‌లు ఒకదానితో ఒకటి జతపడి మధ్య భాగమంతా జారిపోవడం వల్ల, పదింట తొమ్మిది పాళ్లు ఒంటరి ఎల్‌టీఆర్‌గానే మిగిలాయి. మిగిలినవి కూడా ఉత్పరివర్తనాలతో, అంటే అక్షరాలు మారిపోవడంతో, చెడిపోయాయి. 2006లో ఫ్రాన్స్‌లో థియెరీ హైడ్‌మన్ బృందం అనేక హెర్వ్-కె కాపీలను పోల్చి, చెడిన అక్షరాలను సరిదిద్ది, మూల వైరస్‌ను ప్రయోగశాలలో తిరిగి నిర్మించింది. అది నిజంగానే కణాలకు సోకింది, అయితే బలహీనంగా. మన శరీరంలో ఉన్నది ఉన్నట్టుగా ఏ ఒక్క కాపీ నుంచీ సోకే వైరస్ పుట్టినట్టు ఇంతవరకు రుజువు కాలేదు. కాబట్టి ‘నిద్రపోతున్న వైరస్’ అన్న ఊహను మీరు మొదట పక్కన పెట్టాలి. పెదవి మీద పొక్కులు తెప్పించే హెర్పిస్ వైరస్ నిజంగా నిద్రపోయి లేస్తుంది. ఇవి అలాంటివి కావు.

ఈ ప్రక్రియ ఎప్పుడో ముగిసిన కథ అనుకోవడం కూడా సరికాదు. ఆస్ట్రేలియాలోని కోఆలాల్లో ఒక రెట్రోవైరస్ ఇప్పుడు, మన కళ్ల ముందే, సోకే వైరస్ దశ నుంచి వంశపారంపర్య డీఎన్ఏ దశకు మారుతోంది. ఉత్తరాన క్వీన్స్‌లాండ్‌లో దాదాపు ప్రతి కోఆలా జీనోమ్‌లోనూ అది ఉంది, దక్షిణాన ఆ పరిస్థితి లేదు. ల్యుకేమియా, లింఫోమా వంటి జబ్బులు ఆ జంతువులను పీడిస్తున్నాయి. మన పూర్వీకులు కూడా ఇలాంటి దశలను ఎన్నో దాటి వచ్చి ఉంటారని, ఆ మూల్యం చెల్లించాకే ఈ అవశేషాలు మనలో నిరపాయంగా స్థిరపడ్డాయని నేను భావిస్తాను.

మేలు సంగతికి వస్తే, నేను అందరికీ చెప్పే ఉదాహరణ గర్భంలోని మాయ (ప్లాసెంటా). గర్భంలో తల్లి రక్తానికీ బిడ్డకూ మధ్య ఒక పొర ఉంటుంది. లెక్కలేనన్ని కణాలు హద్దులు చెరిపేసుకుని ఒకే కణంగా కలిసిపోవడం వల్ల అది ఏర్పడుతుంది. ప్రసవ సమయానికి దాని విస్తీర్ణం 10 చదరపు మీటర్లు దాటుతుంది. ఆ కణాలను కలిపే ప్రోటీన్లలో ఒకటి సిన్‌సైటిన్-1. దాని జన్యువు ఏడో క్రోమోజోమ్ మీద ఉన్న హెర్వ్-డబ్ల్యూ కుటుంబపు కాపీలోని ఎన్వ్ అని 2000లో తేలింది. వైరస్ తన పొరను కణం పొరతో కలిపి లోపలికి జొరబడటానికి వాడుకునే పరికరాన్నే మన పూర్వీకుల శరీరం కణాలను కలపడానికి వాడుకుంది. ఎలుకల్లోనూ సిన్‌సైటిన్‌లు ఉన్నాయి, కానీ అవి వేరే వైరస్‌ల నుంచి వేరే కాలంలో వచ్చినవి. ఎలుకల్లో సిన్‌సైటిన్-ఏ జన్యువును తొలగించినప్పుడు మాయ సరిగా రూపొందక పిండాలు గర్భంలోనే చనిపోయాయి. ఆవులు, గొర్రెల వంటి నెమరువేసే జంతువుల్లో, కుక్క, పిల్లి వంటి మాంసాహారుల్లో మళ్లీ వేరే వేరే సిన్‌సైటిన్‌లు దొరికాయి. ఒకే అవసరానికి ప్రకృతి ఇన్నిసార్లు విడివిడిగా వైరస్‌ల గడప తొక్కిందన్న సంగతి తెలిశాక, ఈ ఎనిమిది శాతాన్ని చెత్త అని కొట్టిపారేసే మాటను నేను ఒప్పుకోలేను.

ఎల్‌టీఆర్‌లది మరో రకం సేవ. అవి మొదటి నుంచీ జన్యువును ‘ఆన్’ చేసే స్విచ్‌లే కనుక, పక్కనున్న మన సొంత జన్యువులకు కూడా అప్పుడప్పుడు స్విచ్‌గా పనికొచ్చాయి. లాలాజలంలో పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ మనకు లాలాజల గ్రంథుల్లో ఉత్పత్తి కావడంలో ఇలా అతుక్కున్న ఒక రెట్రోవైరస్ భాగం పాత్ర ఉంది. 2016లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో, ఎయిమ్2 అనే రోగనిరోధక జన్యువు పక్కనున్న ఎంఈఆర్41 అనే వైరస్ అవశేషాన్ని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కత్తిరించగా, వైరస్ సోకిందని కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ సంకేతానికి ఆ జన్యువు సరిగా స్పందించలేకపోయింది. వైరస్‌ల మీద మన పోరాటంలో పాత వైరస్ ముక్కే ఆయుధమైంది. వీటన్నిటినీ జీనోమ్ నుంచి తీసేస్తే మేలు కదా అని కొందరు అడుగుతుంటారు; వారికి ఈ ప్రయోగం ఒక్కటే చాలినంత సమాధానం.

ఇక జబ్బుల విషయం. మామూలుగా మన కణాలు ఈ కాపీలను డీఎన్ఏ మిథైలేషన్ (డీఎన్ఏకు చిన్న రసాయన గుర్తులు తగిలించడం)తోనూ, జింక్ ఫింగర్ అనే ప్రోటీన్ల కాపలాతోనూ నోరు మూయించి ఉంచుతాయి. వాపు వచ్చినా, వేరే వైరస్ సోకినా, కణం క్యాన్సర్‌గా మారినా, ఆ కట్టుదిట్టం సడలి కొన్ని కాపీల నుంచి ఆర్ఎన్ఏ, ఒక్కోసారి ప్రోటీన్లు కూడా తయారవుతాయి. కాబట్టి జబ్బుపడిన కణజాలంలో వాటి స్థాయి పెరిగి కనిపించడం వింత కాదు. ఆ పెరుగుదల జబ్బుకు కారణమా, జబ్బు వదిలిన జాడా అన్నది తేల్చడమే అసలు కష్టం.

నా పనిలో ఈ కష్టం రోజూ ఎదురవుతుంది. సీక్వెన్సింగ్ యంత్రం ఎక్కువగా ఇచ్చేవి 100 నుంచి 150 అక్షరాల చిన్న ముక్కలు. ఒక్క హెర్వ్-కె కుటుంబంలోనే 90కి పైగా పొడవాటి కాపీలు, 900కు పైగా ఒంటరి ఎల్‌టీఆర్‌లు ఉన్నాయి, అవన్నీ దాదాపు ఒకే పోలికతో ఉంటాయి. ఒకే పుస్తకం ప్రతులు వంద చింపి కలిపేస్తే ఏ చిరుగు ఏ ప్రతిదో చెప్పడం ఎంత కష్టమో, ఒక ముక్క ఏ కాపీ నుంచి వచ్చిందో చెప్పడం అంత కష్టం. అందువల్ల ‘హెర్వ్-కె పెరిగింది’ అన్న ఫలితం వచ్చినప్పుడు అది ఒకే కాపీయా, అన్నీ కొద్దికొద్దిగానా అన్నది మొదట చూస్తాం. తరువాత కణాల మిశ్రమాన్ని చూస్తాం. నాడీకణాలు నశించి రోగనిరోధక కణాలు గుమికూడిన మెదడు నమూనాను ఆరోగ్యవంతమైన నమూనాతో పోలిస్తే, వైరస్ సంకేతం పెరిగినట్టే కనిపిస్తుంది; కణాల నిష్పత్తిని లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడాలో పెద్ద భాగం మాయమైపోవడం నేను స్వయంగా చూశాను.

మరో వడపోత కూడా ఉంది. నమూనాల్లో ఎలుక డీఎన్ఏ కలిసిందేమో ముందుగా పరీక్షిస్తాం. 2009లో దీర్ఘకాలిక అలసట వ్యాధి ఉన్నవారి రక్తంలో ఎక్స్ఎంఆర్వీ అనే రెట్రోవైరస్ దొరికిందన్న పరిశోధన పెద్ద సంచలనమైంది, ఎందరో రోగులు ఆశలు పెట్టుకున్నారు. తీరా చూస్తే, మనిషి ప్రొస్టేట్ కణితిని ఎలుకల్లో పెంచుతున్నప్పుడు ఎలుక జీనోమ్‌లోని రెండు పాత వైరస్ భాగాలు కలిసి పుట్టిన వైరస్ అది. ప్రయోగశాలల్లో నమూనాలకు కలుషితంగా చేరింది. 2011లో ఆ పరిశోధన పత్రాన్ని ఉపసంహరించారు. రోగుల ఆశతో ముడిపడిన విషయం కనుకే ఇంత జాగ్రత్త అవసరమని నేను నమ్ముతాను.

మల్టిపుల్ స్క్లెరోసిస్ విషయంలో ఆధారాలు లేకపోలేదు. 1980ల చివర్లో ఫ్రాన్స్‌లో ఎర్వే పెరాన్ ఒక రోగి కణాల్లో రెట్రోవైరస్ కణికలను గమనించారు. వాటి వరుసక్రమం హెర్వ్-డబ్ల్యూ కుటుంబానికి చెందిందని తరువాత తేలింది. ఆ కుటుంబపు ఎన్వ్ ప్రోటీన్ రోగుల మెదడులోని మచ్చల్లో కనిపించింది, ప్రయోగశాలలో అది వాపును ప్రేరేపించింది. మాయను నిర్మించే ప్రోటీనుకు అది దగ్గరి చుట్టం. ఒకే కుటుంబం ఒకచోట మేలు, మరోచోట హాని చేయడం అసాధ్యమేమీ కాదు. అయితే ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే టెమెలిమాబ్ అనే యాంటీబాడీని రోగులపై పరీక్షించినప్పుడు, కొత్త వాపు మచ్చలను తగ్గించాలన్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. మెదడు కణజాలం నష్టపోవడం కొంత తగ్గినట్టు సూచనలు మాత్రం కనిపించాయి. మరోవైపు 2022లో అమెరికా సైనిక సిబ్బంది రక్త నమూనాలపై వెలువడిన అధ్యయనం, ఎప్‌స్టైన్-బార్ అనే (హెర్పిస్ కుటుంబపు, చాలామందికి సోకే) వైరస్ సోకిన తరువాత ఈ జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరుగుతుందని చూపింది. ఆ వైరస్ సోకిన కణాల్లో పాత వైరస్ జన్యువులు చురుకవడం కూడా ప్రయోగాల్లో నమోదైంది. నా అంచనాలో, హెర్వ్-డబ్ల్యూ ఈ జబ్బుకు మొదటి నిప్పురవ్వ కాదు. అంటుకున్నాక మంటను పెంచే పాత్ర దానికి ఉండవచ్చు.

కండరాలను నడిపే నాడీకణాలు నశించే ఏఎల్ఎస్ అనే జబ్బులో హెర్వ్-కె పాత్ర గురించి 2015లో వచ్చిన ఫలితాలను తరువాత కొన్ని బృందాలు తమ నమూనాల్లో నిర్ధారించలేకపోయాయి. క్యాన్సర్‌లో చిత్రం ఇంకాస్త స్పష్టంగా ఉంది. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే రక్తకణాల క్యాన్సర్‌లో ఒక ఎల్‌టీఆర్ కాపలా తప్పించుకుని, కణితి కణాలు బతకడానికి తోడ్పడే సీఎస్ఎఫ్1ఆర్ అనే జన్యువును నడిపిస్తుందని 2010లో చూపించారు. మిథైలేషన్‌ను తొలగించే అజాసైటిడిన్ వంటి మందులు పాత వైరస్ ఆర్ఎన్ఏను బయటికి తెచ్చి, వైరస్ సోకిందన్న భ్రమ కణంలో కలిగించి, రోగనిరోధక వ్యవస్థను కణితి మీదికి ఉసిగొల్పగలవని 2015లో రెండు బృందాలు ప్రయోగశాలలో నిరూపించాయి.

ఇప్పుడు పరీక్ష సంగతి. మీరు చేయించుకోనవసరం లేదని నా అభిప్రాయం. ఈ కాపీలు మీలో, మీ అక్కగారిలో, ఆమెకు వైద్యం చేసే డాక్టరుగారిలో, నాలో కూడా ఉన్నాయి. కొందరిలో ఉండి కొందరిలో లేని హెర్వ్-కె కాపీలు కొన్ని ఉన్నా, వాటిని బట్టి ఈ జబ్బు వస్తుందో రాదో చెప్పడానికి వీల్లేదు. రక్తంలో వీటి స్థాయి ఎక్కువని నివేదిక వచ్చినా దాని ఆధారంగా మారే చికిత్స ఏదీ నేడు లేదు. ఆ డబ్బును, ఆందోళనను మిగుల్చుకుని, జబ్బు తీవ్రతను తగ్గించే మందులు ఆలస్యం లేకుండా మొదలుపెట్టడం గురించి న్యూరాలజిస్టుతో మాట్లాడండి. ఎప్పుడో ఒకనాడు పాత వైరస్ ప్రోటీన్‌ను అడ్డుకునే మందు ప్రయోగంలో చేరమని ఆమెను అడిగితే, ఆ ప్రోటీన్ ఏ కాపీ నుంచి వస్తోందో గుర్తించారా, ఇప్పుడు వాడుతున్న మందును ఆపమంటారా అన్న రెండు ప్రశ్నలు అడిగి, రెండో దానికి అవునని జవాబు వస్తే సంతకం చేసే ముందు మరో న్యూరాలజిస్టు అభిప్రాయం తీసుకోండి.