వీడియోలో చుక్కలు తుడిచే అబ్బాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల గుంటలు చేస్తాం. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. రెండేళ్లుగా వాళ్ల మేనమామ వెంట పెళ్లి వీడియోలు తీయడానికి పోతున్నాడు. నిరుడు రొట్టెల పండుగకు నెల్లూరు పోయి, రాత్రిపూట స్వర్ణాల చెరువు గట్టున తీసిన వీడియోలో ఇసుక చల్లినట్టు చుక్కలు వచ్చాయట. అప్పటినుంచి వాటిని ఎట్లా తీసేయాలా అని తెల్లవార్లూ కంప్యూటర్ ముందే కూర్చుంటున్నాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆరు నెలల ‘ఏఐ వీడియో ఎడిటింగ్’ కోర్సు చేస్తానంటాడు. ఫీజు లక్షా ఎనభై వేలు. ఇంజనీరింగ్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) బ్రాంచిలో చేరమంటే వినడు. కోపం వచ్చి కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: ముందు ఆ తాళం తీయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇలాంటి ఉత్తరాలు నాకు వరసగా వస్తాయి. ఒక ఇంట్లో కెమెరా, ఒక ఇంట్లో తబలా, ఇంకో ఇంట్లో బైకు ఇంజను. పైకి అడిగేది ఏ కోర్సు అని. లోపల మెలిపెట్టేది వేరే. మావాడు రేపు కల్యాణ మండపంలో ‘కొంచెం పక్కకు జరగండి’ అంటూ తిరగాల్సిందేనా, బంధువులు అడిగితే ఏం చెప్పాలి అన్న టెన్షన్ అది. మీ ఉత్తరంలో బావమరిది పేరు ఎత్తిన తీరులోనే అది తెలుస్తోంది. ఆయన ఆ పనితోనే ఇల్లు నడుపుతున్నాడు కదండీ.

అబ్బాయి చేస్తున్నది ఏమిటో మీకు అర్థం కాలేదు. నిజానికి ఆ పని మీరూ చేస్తారు.

గుంటలో రొయ్య కౌంటు చూడటానికి మీరు ఒకే ఒక్కసారి వల విసిరి రేటు మాట్లాడరు. ఒక వలకు కిలోకు 55 తేలుతుంది, ఇంకో మూల విసిరితే 64 తేలుతుంది. గుంట అదే, రొయ్యా అదే, లెక్క మాత్రం ఊగుతుంది. నాలుగైదు చోట్ల విసిరి సగటు తీస్తే నిజానికి దగ్గరగా వస్తారు. కెమెరాలో వెలుగును పట్టే సెన్సార్ మీద వెలుగు కూడా ఇట్లాగే పడుతుంది. వెలుగు కణాలు వానచినుకుల్లాగా ఒక్కోచోట ఒక్కో లెక్కన రాలతాయి. పగలు వేలల్లో రాలితే ఆ తేడా కంటికి ఆనదు. రాత్రి చెరువు గట్టున కొన్నే రాలితే ఆ హెచ్చుతగ్గులే చుక్కలై కనిపిస్తాయి. దాన్నే నాయిస్ అంటారు. కెమెరాలో ఐఎస్ఓ అనే సెట్టింగ్ పెంచితే వెలుగు పెరగదు, వచ్చిన కాస్తే పెద్దదై కనిపిస్తుంది, దాంతోపాటు చుక్కలూ పెద్దవవుతాయి. వెలుగు నాలుగింతలైతే చుక్కల ఇబ్బంది సగమవుతుంది. కదలని దృశ్యమైతే నాలుగు ఫ్రేములు (వీడియోలోని విడి బొమ్మలు) సగటు తీసినా సగమే, పదహారు తీస్తే నాలుగో వంతు. ఇది వర్గమూలం లెక్క, ఇంటర్ చదివిన పిల్లవాడికి అందేదే.

మరి అన్ని వీడియోలకూ అదే చేస్తే పోదా? పోదు. రెండు వలల మధ్యలో ఎవరో సగం రొయ్య పట్టేశారనుకోండి, మీ సగటుకు అర్థం ఉంటుందా? పెళ్లికొడుకు తల తిప్పినప్పుడు ఫ్రేములు కలిపేస్తే ముఖం వెనక దెయ్యం నీడ పడుతుంది. పోనీ ఒకే ఫ్రేములో పక్కపక్క చుక్కలను కలిపి నున్న చేస్తే ముఖం మైనం బొమ్మ అవుతుంది, వెంకటగిరి చీర మీది జరీ మెరుపు మాయమవుతుంది. ఏది చుక్కో ఏది జరీనో సాఫ్ట్‌వేర్‌కు చెప్పడమే అసలు విద్య. మీవాడు తెల్లవార్లూ కూర్చున్నది దాని దగ్గరే.

ఇక ఆ కోర్సు సంగతి. నాకు దాని మీద నమ్మకం లేదు. కొంచెం ఎక్కువగానే చెప్తాను, ఎందుకంటే పదేళ్ల కిందట నేనే ఒక అబ్బాయిని ఇలాంటి మల్టీమీడియా సంస్థకు పంపి పొరపాటు చేశాను. వాళ్లు నేర్పింది ఒక సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుంది అన్నదే. రెండేళ్లకు కొత్త వెర్షన్ వచ్చి బటన్లు మారాయి, ఆ పిల్లవాడు మళ్లీ మొదటికొచ్చాడు. ఇప్పుడు బోర్డు మీద ‘ఏఐ’ అని చేర్చారు, అంతే తేడా. ఒక్క క్లిక్కుతో అయ్యే పనికి లక్షా ఎనభై వేలు కట్టి నేర్చుకుంటే, ఆ క్లిక్కు రేపు ఫోన్‌లో ఊరికే వచ్చినప్పుడు మీవాడి దగ్గర మిగిలేదేమిటి? ఎడిటింగ్ నేర్చుకోవాలంటే డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో నాయిస్ తీసే పరికరాలు మాత్రం డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంటాయి. ఆ పనికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి పైసా అక్కర్లేదు.

ఏఐ మీద నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. ఆ సాధనాలు వేలాది చిత్రాలు చూసి నేర్చుకున్నవి. చుక్కల కింద ఏముందో తెలియనిచోట ఉండవచ్చనుకున్నది గీసేస్తాయి. పెళ్లి వీడియోలో కనురెప్ప ఒకటి ఎక్కువ గీస్తే ఎవరికీ నష్టం లేదు. సీసీ కెమెరాలో బండి నంబరు, స్కానింగ్‌లో గడ్డ, ఉపగ్రహ చిత్రంలో చెరువు గట్టు ఊహించి గీస్తే ఒప్పుకుంటారా? అక్కడ లెక్క తెలిసిన మనిషి కావాలి. హైదరాబాద్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. హైదరాబాద్, బెంగళూరుల్లో ఫోన్ చిప్‌లు డిజైన్ చేసే కంపెనీల్లో కెమెరా విభాగాలున్నాయి. ఆ ఉద్యోగాలు సులువుగా వస్తాయని చెప్పను, చాలావాటికి ఎంటెక్ అడుగుతారు. కానీ మీవాడి పిచ్చికి సరిపోయే దారి అటు ఉంది.

పోల్చి చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. ఈసీఈలో సిగ్నల్ ప్రాసెసింగ్, ఆ తర్వాత ఇమేజ్ ప్రాసెసింగ్ వస్తాయి. చుక్కల వెనకున్న లెక్క అక్కడే ఉంది. సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్)లో ఏఐ అయినా నష్టం లేదు, కాకపోతే సెన్సార్ సంగతి అక్కడ తక్కువ. సినిమా వైపే మనసుంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్ కోర్సులకు ముందు డిగ్రీ కావాలి. అంటే ఎటు పోయినా డిగ్రీ అడ్డం రాదు. ర్యాంకు, వెబ్ ఆప్షన్ల గోల మీకు తెలిసిందే, అది వదిలేస్తున్నా.

‘చేరు, కెమెరా వదిలెయ్’ అని మాత్రం చెప్పకండి. పల్లెటూరి కుర్రవాడు వీడియోలో మచ్చ చూసి ‘ఇది ఎందుకు వచ్చింది’ అని ఏడాదిపాటు వెంటపడ్డాడంటే, అలాంటి కొడుకు ఉన్నందుకు సంతోషించాల్సింది పోయి తాళం వేశారు. ఈ మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి. సెలవుల్లో పెళ్లిళ్లకు పోనివ్వండి, వాళ్ల మామ దగ్గర నేర్చుకునేది ఏ కాలేజీలోనూ చెప్పరు. మండపంలో ముఖం మీద ఒక లైటు పెడితే సగం చుక్కలు పుట్టనే పుట్టవని ఆయనకు బాగా తెలుసు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి షట్టర్ వేగం సెకనులో 1/50 లేదా 1/100లో పెట్టకపోతే ట్యూబులైటు కింద వీడియో మినుకుమంటుందనీ తెలిసే ఉంటుంది.

అబ్బాయికి ఒక పని చెప్పండి. కెమెరాను స్టాండు మీద పెట్టి, లోపలి నాయిస్ రిడక్షన్ ఆపేసి, గోడను పది సెకన్లు తీయమనండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 1, 4, 16 ఫ్రేములు సగటు తీసి చుక్కలు నిజంగా సగం, నాలుగో వంతు అవుతున్నాయో లేదో కొలవమనండి. సరిగ్గా రాదు. వీడియోను కుదించేటప్పుడే కెమెరా కొన్ని చుక్కలను చెరిపి, కొన్నిటిని పక్కవాటితో అతికించేస్తుంది కాబట్టి లెక్క తప్పుతుంది. ఈ కారణం వాడికి ముందే చెప్పకండి. ఎందుకు తప్పిందో వెతుక్కుంటూ ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ పి.కె. బిశ్వాస్ ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఉచితంగా చెప్పిన డిజిటల్ ఇమేజ్ ప్రాసెసింగ్ పాఠాల దాకా పోతే, ఈసీఈకి ఆప్షన్లు పెట్టేయండి. రెండు రోజులకే విసుగొచ్చి మళ్లీ పెళ్లి ఎడిటింగ్‌కే పోతే, దగ్గరలో ఏదైనా డిగ్రీలో చేర్పించి మామ దగ్గరే పని నేర్చుకోనివ్వండి. ఏం తేలిందో ఆప్షన్ల గడువు ముగిసేలోపు నాకు రాయండి.