75 గ్యాలన్ల ట్యాంకులో నిజంగా పట్టేదెంత?

పాత డీజిల్ మోటార్‌హోమ్ (లోపలే ఇల్లులా ఉండే బండి) కొన్నారు. బ్రోచర్లో 75 గ్యాలన్లని ఉంది, అమ్మినాయన 340 లీటర్లన్నాడు, బంకులో నింపిస్తే 180 దగ్గరే గన్ను టక్కుమని ఆగిపోతోంది. ఏది నమ్మాలని మీ ప్రశ్న.

అమ్మినాయన లెక్కని ముందు కొట్టేయండి. 75ని 4.546తో గుణిస్తే 341 వస్తుంది. అది బ్రిటిష్ గ్యాలన్. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లే, ఆ లెక్కన 284. మీది అమెరికా చాసీ (బండి కింది చట్రం) అయితే ఆ 57 లీటర్లు ఆయన నోట్లో పుట్టినవే.

మిగతాది నా బండి కథ. నాదీ 75 గ్యాలన్లదే. బండిలో ఏసీకి కరెంటిచ్చే జెనరేటర్ కూడా ఆ ట్యాంకులోంచే డీజిల్ తాగుతుంది. ఒక రాత్రి అది ఉన్నట్టుండి దగ్గి ఆగిపోయింది. మీటరు ముల్లు పావు కంటే కాస్త పైనే ఉంది కాబట్టి డీజిల్ మీద అనుమానమే రాలేదు. "ఫిల్టరు జామ్ అయ్యుంటుంది బావా" అని మా బావమరిది టార్చి నోట్లో పెట్టుకుని కిందికి దూరాడు. ఫిల్టరు మార్చాం, పైపులు ఊడదీసి ఊదాం, రిలేలు పీకి మళ్లీ పెట్టాం. తెల్లవారుజామున నాలుగైంది. ఇంకో ఫిల్టరు నంబరు కోసం జెనరేటర్ పుస్తకం తిరగేస్తుంటే ఒక వాక్యం కనబడింది: ట్యాంకు పావుకి దిగితే జెనరేటర్‌కి ఇంధనం అందదు, కావాలనే అలా పెట్టారట. రాత్రంతా ఏసీ వేసుకుని పడుకున్నా పొద్దున్నే బండి కదలడానికి డీజిల్ మిగలాలని దాని పైపుని ట్యాంకులో ఎత్తులోనే ఆపేస్తారు. ఇంజన్ తాళం తిప్పితే ఒక్క పట్టున స్టార్టయింది. మా బావమరిది నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను.

చాసీ చేసేది ఒకరు, దాని మీద ఇల్లు కట్టేది ఇంకొకరు. ట్యాంకు గురించి అడిగితే వీళ్లు వాళ్ల మీదికి, వాళ్లు వీళ్ల మీదికి తోస్తారు. సోఫా గుడ్డకి ఎన్ని రంగులున్నాయో రెండు పేజీలు వేసిన బ్రోచర్లో ట్యాంకు బొమ్మకి చోటు లేదు!

ఆ మర్నాడు బంకులో గన్ను ఆగేదాకా పట్టింది 178 లీటర్లు. మీకూ 180 దగ్గరే ఆగుతోందంటే నాకు ఇదే గుర్తొస్తోంది. రెండోసారి జెనరేటర్ ఆగినప్పుడు బండిని సమతలం మీద పెట్టి, ఇంజన్‌కి వెళ్లే పైపు విప్పి చేతిపంపుతో డబ్బాల్లోకి తోడాను. 52 లీటర్లు వచ్చాక గాలే వచ్చింది. పైనున్న సెండర్ యూనిట్ (మీటరుకి డీజిల్ మట్టం చెప్పే భాగం) తీసి చూస్తే అడుగున ఇంకో 9 ఉన్నాయి, బురదతో సహా. మొత్తం 239. మరి 284 ఏది?

ట్యాంకులోంచి గాలి పోయే సన్న రబ్బరు గొట్టం నలిగి, మధ్యలో వేలాడి, ఆ వంపులో డీజిల్ నిలిచిపోయింది. గాలి బయటికి పోకపోతే నురగ పైకి తన్నుకొస్తుంది, గన్ను నిండిపోయిందనుకుంటుంది. గొట్టం మార్చి, ఖాళీ ట్యాంకులో నెమ్మదిగా పోస్తే 269 పట్టాయి. ఇంకో 15 వేడికి డీజిల్ వ్యాకోచించడానికి పైన వదిలిన ఖాళీ. అంటే బ్రోచర్ అబద్ధమాడలేదు, రేకు డబ్బా ఎంతో చెప్పింది. ఇంజన్‌కి అందేది మాత్రం 260.

కాబట్టి ట్యాంకు ఎంత పడుతుందన్న ప్రశ్నే తప్పంటాను. అందులోంచి ఇంజన్ ఎంత తాగగలదో కనుక్కోండి. టేపు పట్టుకుని పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. మూలలు గుండ్రంగా, అడుగు మెట్టులా ఉండే ట్యాంకులకి ఆ లెక్క అందదు. మీటరు ముల్లు ఇంకా మోసం. తేలే బెండు ఒక కడ్డీ చివర వంపుగా దిగుతుంది, అందుకే మొదటి సగం గంటలకొద్దీ కదలదు, రెండో సగం జారుడుబల్ల ఎక్కినట్టు పోతుంది.

డీజిల్ అయిపోయేదాకా నడిపి చూద్దామని మాత్రం అనుకోకండి. లైన్లలోకి గాలి చేరితే దాన్ని తీయడానికి రోడ్డు పక్కన గంటలు పోతాయి. నేను తోడినప్పుడు కూడా ఆ బాధ పడ్డాను, కాకపోతే ఇంటి ముందు.

మీ బండిలో జెనరేటర్ ఉందో లేదో రాయలేదు. ఉంటే, అది ఆగిన క్షణాన ముల్లు ఎక్కడుందో అద్దం మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకోండి. లేకపోతే ముందు ఆ గాలి గొట్టం చూడండి.