సెటీ ఎట్ హోమ్ నుంచి పనులు రాకపోతే

తప్పు మీ కంప్యూటర్‌ది కాదు. బోయింక్ (ఖాళీగా ఉన్న కంప్యూటర్‌తో పరిశోధన లెక్కలు చేయించే ప్రోగ్రాం) పెట్టి వారమైనా, గ్రహాంతరవాసుల సంకేతాలు వెతికే సెటీ ఎట్ హోమ్ ఒక్క పనీ (లెక్కల ముక్క) పంపలేదని మీరన్నారు. 1999లో మొదలైన ఆ ప్రాజెక్టు 2020 మార్చి 31 నుంచి కొత్త పనులు పంచడం ఆపేసింది. అప్‌డేట్ ఎన్నిసార్లు నొక్కినా అంతే.

1. ప్రాజెక్టుల జాబితాలోంచి దాన్ని తీసేయండి.

2. దాని బదులు బోయింక్‌లోనే నడిచే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ప్రాజెక్టు చేర్చండి. గ్రహాంతరవాసులు దొరకరు గానీ పల్సార్లు (వేగంగా తిరిగే, కిరణాలు వెదజల్లే నక్షత్రాలు) దొరుకుతాయి.

3. చాలామంది వదిలేసేది ఇదే. బోయింక్ ఆప్షన్స్‌లో కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్ తెరవండి. ఇతర ప్రోగ్రాములు ప్రాసెసర్‌ను 25 శాతానికి మించి వాడితే పని ఆపేయమనే గడిలో ముందే టిక్ ఉంటుంది. బ్రౌజర్‌లో ఒక వీడియో పెట్టినా లెక్కలు ఆగిపోవచ్చు. ఈవెంట్ లాగ్‌లో ‘సీపీయూ ఈజ్ బిజీ’ అని కనిపిస్తే కారణం ఇదే. ఆ టిక్ తీసేయండి.

లాప్‌టాప్ అయితే, బ్యాటరీ మీద నడిచేటప్పుడు పని ఆపేయమనే గడి జోలికి మాత్రం వెళ్లకండి.