మైక్రోఎమల్షన్ ప్రాజెక్టు మానేసి నానోలోకి మారాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఫార్మసీ ఫార్మాస్యూటిక్స్ చదువుతోంది. నీళ్లలో కరగని మందును మైక్రోఎమల్షన్‌గా చర్మం ద్వారా పంపే ప్రాజెక్టు ఇచ్చారు. ఇది పాతబడిందని, నానో టాపిక్ అయితేనే ఉద్యోగమని బంధువులు అంటున్నారు. మార్పించమంటారా?

జవాబు: మీ బెంగంతా ఉద్యోగం గురించే కదా. దాని కోసం టాపిక్ మార్చక్కర్లేదు.

మైక్రోఎమల్షన్ అంటే నూనె, నీళ్లు, ఆ రెంటినీ కలిపి ఉంచే సర్ఫాక్టెంట్ చేరిన తేట మిశ్రమం. దాని బిందువులు మామూలుగా 10–100 నానోమీటర్లే, అంటే అదీ నానో సైజే. పాళ్లు కుదిరితే దానంతటదే ఏర్పడి, తేటగా నిలుస్తుంది. నానోఎమల్షన్‌ను ఎక్కువగా హోమోజినైజర్ లాంటి యంత్రాలతో బలవంతంగా చేయాలి, కొన్నాళ్లకు విడిపోవచ్చు కూడా. నానో పేరున్న థీసిస్‌లన్నీ గొప్పవని నేను అనుకోను. పార్టికల్ సైజు గ్రాఫు, బయట ల్యాబులో తీయించిన మైక్రోస్కోపు బొమ్మ పెట్టి, మందు చర్మంలోకి ఎంత దిగిందో చెప్పకపోతే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఈ ప్రాజెక్టులో ప్రతి అంకె మీ అమ్మాయి చేతుల మీదుగానే వస్తుంది. ఓలిక్ ఆసిడ్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్ లాంటి నూనెల్లో మందు ఎందులో బాగా కరుగుతుందో చూడాలి. సర్ఫాక్టెంట్ ట్వీన్ 80ని, దానికి తోడుగా వాడే ట్రాన్స్‌క్యుటాల్‌ను 1:1, 2:1, 3:1 పాళ్లలో కలిపి, ఆ మిశ్రమానికి నూనెను 1:9 నుంచి 9:1 దాకా జోడించి, నీళ్లు చుక్కచుక్కగా పోస్తూ ఎక్కడ మసకబారిందో రాసుకోవాలి. సర్ఫాక్టెంట్ పెంచితే తేటదనం తేలిగ్గా వస్తుంది, కానీ చర్మం మండొచ్చు. అందుకే తక్కువ సర్ఫాక్టెంట్‌తో తేటగా ఉన్న పాళ్లే ఎంచుకోవాలి.

అసలు చిక్కులు ఫ్రాంజ్ సెల్ దగ్గర వస్తాయి. పై గదిలోని మందు, మధ్యలో బిగించిన చర్మం ముక్కను దాటి కింది గదిలోకి ఎంత దిగిందో కొలిచే పరికరం ఇది. చర్మం ఉపరితలం 32 డిగ్రీల దగ్గర ఉండాలి, కింద గాలిబుడగ చేరకూడదు. కింది గదిలో ఉత్త బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) పోస్తే కరగని మందు అందులో త్వరగా సంతృప్తమై, దిగడం మందగిస్తుంది. ఫార్ములా పనిచేయలేదని పిల్లలు దిగులుపడేది చాలాసార్లు ఇక్కడే. బఫర్‌లో కొంత ఇథనాల్ కలిపితే సరిపోవచ్చు. ఇంకో సంగతి, నూనెలో మందు మరీ బాగా కరిగితే దాన్ని వదిలి చర్మంలోకి తేలిగ్గా రాదు. క్రీములు, జెల్‌ల ఫార్ములేషన్ విభాగాల్లో అడిగేది ఇలాంటివే.

కాస్త గట్టిగానే చెబుతున్నాను. బంధువుల మాట విని సగంలో టాపిక్ మార్పిస్తే, ఆమె సాల్యుబిలిటీ పరీక్షల నుంచి, మందు ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెథడ్ దాకా అన్నీ మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. ఆ నష్టం బంధువులు భరించరు.

మీరు అడగాల్సింది మందు గురించి. అణుభారం 500 లోపు ఉందా, రోజు మోతాదు కొద్ది మిల్లీగ్రాములేనా? మందు ఒళ్లంతటికీ అందాల్సి ఉండి, రోజుకు వందల మిల్లీగ్రాములు కావాలంటే చర్మం దారి చాలదు. అప్పుడు టాపిక్ ఉంచి, మందు మార్చమని గైడ్‌ను ఆమెనే అడగమనండి.