బేస్‌మెంట్లో కరివేపాకుకు వెలుగు

చిన్నీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. కరివేపాకు మొక్క సన్నగా పైకి సాగిపోయి, కింద ఆకులన్నీ రాల్చేసింది. మిన్నెసోటాలో నీకిది మొదటి చలికాలం కదా, బెంగ పడకు. మిషిగన్ వచ్చిన కొత్తలో నా మొక్క కూడా అచ్చం ఇలాగే ఉండేది.

ఇంకో లైటు కొంటానన్నావు. ఇప్పుడే కొనకు. ఉన్న వెలుగే నీ మొక్కకు సరిగ్గా అందడం లేదు. ట్యూబ్‌లైటు కిందికి మాత్రమే వెలగదు, చుట్టూ అన్ని వైపులా వెలుగుతుంది. నీ లైటుకు పైన రేకు లేదు. నాలుగడుగుల ట్యూబులు రెండు, ఒక్కోటి 32 వాట్లు, వాటి వెలుగులో దాదాపు సగం పైనున్న దూలాలకే పోతోంది.

ముందు ఆ పైభాగం సంగతి చూడు. నీది తెల్ల పెయింటు వేసిన రేకు గొడుగుతో వచ్చే షాప్ లైటు (వర్క్‌షాపుల్లో వేలాడదీసే ట్యూబ్‌లైటు) అయ్యుంటే ఈ పని ఉండేది కాదు. అది కాదు కాబట్టి లైటుకు పైన, కాస్త ఎడంగా, తెల్లటి ఫోమ్ బోర్డు వేలాడదీయి. ట్యూబుల మధ్య కొంచెం జాగా ఉండాలి. మరీ ఆనించి పెడితే ఒకదాని వెలుగుకు ఇంకోటి అడ్డం.

వంటింటి ఫాయిల్ మాత్రం వద్దు. నేను చేసిన పొరపాటు అదే. ఒక రాత్రి టేపు ఊడి ఫాయిల్ జారి ట్యూబు చివర పిన్నులకు తగిలింది. చిటుక్కున మెరిసి బ్రేకర్ పడిపోయింది. అప్పుడు మీ అన్నయ్యకు నాలుగేళ్లు, ఆ పక్కనే ఆడుకునేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ భయమే. పైగా ఫాయిల్ ముడతలు పడి వెలుగు ఒకచోట చారలుగా, ఇంకోచోట నీడగా పడుతుంది. మెరుపు లేని తెల్ల రంగు అయితే తన మీద పడ్డ వెలుగులో నూటికి 85 పాళ్లకు పైనే వెనక్కి పంపుతుంది, అదీ అంతటా సమంగా. అద్దంలా మెరిసే మైలార్ షీటు ఇంకొంచెం ఎక్కువే ఇస్తుంది కానీ, మన ఇంటికి తెల్ల అట్ట చాలు.

అసలు తేడా వచ్చేది పక్కల దగ్గర. మొక్కకు మూడు వైపులా తెల్ల అట్టలు నిలబెట్టు. పై ఆకుల నీడలో ఉండిపోయే కింది రెమ్మలకు ఆ పక్క వెలుగే ఆధారం. నాలుగో వైపు తెరిచే ఉంచు, గాలి ఆడాలి. తేడా చూడాలంటే ఫోన్లో లైట్ మీటర్ యాప్ వేసుకుని, కుండీ అంచు దగ్గర అట్ట పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి కొలువు.

ట్యూబుకూ చిగురుకూ మధ్య ఆరంగుళాలు మించనీయకు. మార్చిలో టమాటా, వంకాయ నారు పోసినప్పుడైతే రెండు మూడు అంగుళాలే ఉండాలి. అందుకే లైటును గొలుసుతో వేలాడదీయమంటాను, మొక్క పెరిగే కొద్దీ పైకి లాగొచ్చు. రోజుకు 14 గంటలు వెలిగేలా టైమర్ పెట్టు. ట్యూబు చివర్లలో వెలుగు తగ్గుతుంది కాబట్టి కరివేపాకు మధ్యలో, పుదీనా చివర్లో. నెలకోసారి లైటు ఆర్పి, చల్లారాక ట్యూబుల మీదా అట్టల మీదా దుమ్ము తుడువు.

ట్యూబులో పాదరసం ఉంటుంది, పాతవి చెత్తబుట్టలో పడేయకు. పొరపాటున పగిలితే కిటికీలు తెరువు, వాక్యూమ్ వాడకు. రేపు ఎల్‌ఈడీ ట్యూబులకు మారితే వాటి వెలుగు ఎక్కువగా కిందికే వస్తుంది కాబట్టి పైన రేకుతో అంత పని ఉండదు. పక్క అట్టలు మాత్రం తీయకు.

ఇంకొక్క మాట. చలికాలంలో కరివేపాకు నిద్రలో ఉన్నట్టే ఉంటుంది. వెలుగు పెంచావు కదా అని నీళ్లు పెంచకు, మట్టి పైన ఆరాకే పొయ్యి. రాలిన చోట మళ్లీ ఆకు వస్తుందని ఎదురుచూడకు. కొత్త చిగురులో రెమ్మలు దగ్గరదగ్గరగా వస్తున్నాయేమో చూడు. అలా వస్తే వెలుగు అందుతున్నట్టే. అప్పుడు ఫొటో పంపు.

మీ పెద్దమ్మ